ఫ్లాష్ వేయకూడని గది

జూన్ 9, మంగళవారం

డైరీ రాసి పదేళ్లయింది. స్టూడియోలో ఆర్డర్ల పుస్తకం ఒకటి ఖాళీగా పడి ఉంటే తీశాను. ఎవరితోనూ చెప్పుకోలేనివి దీనితో చెప్పుకుంటే దీని సొమ్మేం పోదు.

నిన్న మధ్యాహ్నం నేను మేనత్తనయ్యాను, పది వారాలు ముందుగా. తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, పుట్టేసింది" అన్నాడు, ఏదో లిఫ్టు మధ్యలో ఆగిపోయినట్టు. లిఫ్టులు బాగుచేయడం వాడి ఉద్యోగం. వాడి గొంతులో మంచి వార్తా చెడ్డ వార్తా ఒకేలా వినిపిస్తాయి. పాప బరువు కిలో రెండు వందల నలభై గ్రాములు. నా కెమెరా, పెద్ద లెన్సు కలిపితే అంతకన్నా ఎక్కువ తూగుతాయి. నేను దానికి గుప్పెడు అని పేరు పెట్టేశాను.

గుప్పెడు ఆస్పత్రి మొదటి అంతస్తులో, అద్దాల పెట్టెలో ఉంది. వాళ్లమ్మ, అంటే మా మరదలు, నాలుగో అంతస్తులో ఉంది. ఒంట్లో ఏదో ఇన్ఫెక్షన్ చేరి, దానివల్లే కాన్పు ముందుకొచ్చిందట. జ్వరం పూర్తిగా తగ్గేదాకా ఆమెను పసిపిల్లల వార్డు గుమ్మం తొక్కనివ్వరు. కన్నతల్లి బిడ్డను ఇంకా చూడలేదు.

తమ్ముడు ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూపించాడట. "ఇది పాపా, తడి తువ్వాలా?" అందట మరదలు. అందుకే నన్ను పిలిచాడు. "ముప్పై ఏళ్ల నుంచి ఫొటోలు తీస్తున్నావు, ఈ ఒక్కటీ తియ్యి అక్కా" అన్నాడు. అదెంత పని అనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి పావుగంట లోపలికి వదులుతారు. మోచేతులదాకా చేతులు కడుక్కొని, కెమెరాను స్పిరిట్ గుడ్డతో తుడిచి వెళ్లాను. పెద్ద సిస్టర్ నా మొహం చూడలేదు, కెమెరా నెత్తిమీద ఉన్నదాన్ని చూసింది.

"ఆ ఫ్లాష్ తీసెయ్యండి."

"సూటిగా కొట్టనండి. పైకప్పు మీదికి కొడతాను, వెలుతురు మెత్తగా దిగుతుంది."

"పైకప్పు మీదికీ వద్దు, నేల మీదికీ వద్దు. వీళ్లంతా ఇంకా కడుపులో ఉండాల్సినవాళ్లు. కడుపులో ఎవరైనా ఫ్లాష్ కొడతారా?"

తీసేశాను. కుడిచెయ్యి ఊడదీసి ఆమె బల్ల మీద పెట్టినట్టే అనిపించింది.

కిటికీలకు మందపాటి తెరలు, పెట్టెల మీద దుప్పట్లు. కెమెరా ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకుంది. చాలాసేపు తడుముకుని చివరికి పట్టుకుంది. పాపను కాదు, పెట్టె అద్దం మీద ఎవరిదో వేలిముద్రను. వేలిముద్ర గీతలతో సహా బ్రహ్మాండంగా వచ్చింది. పోలీసులకు పనికొస్తుంది.

జూన్ 10, బుధవారం

కెమెరాలో ఏదో లోపం ఉంది.

జూన్ 11, గురువారం

నిన్నటివాటిలో కాస్త నయమనిపించినదాన్ని ప్రింటు వేసి నాలుగో అంతస్తుకి పట్టుకెళ్లాను. మరదలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పొద్దున పెట్టిన బ్రెడ్డు పక్కబల్ల మీద అలాగే ఉంది.

"కొంచెం మెత్తగా వచ్చింది. అదో అందం" అన్నాను.

ఆమె ఫొటోను అటూ ఇటూ తిప్పింది. "తల ఎటువైపు వదినా?"

చూపించాను. అది వెతకడానికి నాక్కూడా ఒక క్షణం పట్టిందని ఇక్కడ మాత్రమే ఒప్పుకుంటాను.

"ఈసారి ఫ్లాష్ వాడలేదా?" అంది. మామూలు ప్రశ్నే. కానీ ఆ "ఈసారి" అన్న మాటలో మూడేళ్లున్నాయి.

వాళ్ల పెళ్లి ఫొటోలు నేనే తీశాను. అన్నీ కలిపి రెండు వందల పన్నెండు. పెళ్లికూతురు కళ్లు తెరిచి ఉన్నవి తొమ్మిది. ఆ తొమ్మిదిలోనూ రెండింట్లో నేలచూపులు. ఆల్బమ్ చూసినవాళ్లంతా "పెళ్లికూతురు నిద్రపోతుండగా పెళ్లి కానిచ్చేశారా?" అన్నారు. ఆమె కళ్లు ఆర్పే మనిషని నేను అందరికీ చెప్పుకొచ్చాను. అది నిజమే. కొందరుంటారు, ఫ్లాష్ వెలిగేలోపే రెప్ప వేసేస్తారు. అందులో నా తప్పేం లేదు. అప్పటినుంచి మా మధ్య "బాగున్నారా", "బాగున్నా" తప్ప వేరే మాట లేదు.

నా తప్పేం లేదని ఇంకోసారి రాస్తున్నాను. పుస్తకం నాదే కదా.

జూన్ 12, శుక్రవారం

చీకట్లో కెమెరాకు దారి చూపించడానికి ముందువైపు ఒక చిన్న నారింజరంగు దీపం ఉంటుంది. అది ఫ్లాష్ కాదు కదా అని ఆన్ చేశాను. అలా వెలిగిందో లేదో గుప్పెడు మొహమంతా ముడుచుకుంది. పక్కపెట్టెలో బుడ్డోడు ఏడుపందుకున్నాడు. వాణ్ని చూసి ఆ పక్కది, దాన్ని చూసి ఆ చివరిది. ఆ కోరస్ మధ్యలో పెద్ద సిస్టర్ నడిచి వచ్చింది. అరవలేదు. వేలితో తలుపు చూపించింది.

గడపకవతల నిలబడి "అది ఫ్లాష్ కాదండీ" అన్నాను.

"ఆ ముక్క వాళ్లకి చెప్పండి" అని తలుపేసింది.

జూన్ 13, శనివారం

కెమెరా కాదు, లెన్సుది తప్పు. అనుమానం లేదు. పైగా ఈమధ్య ఏదీ సరిగా చేసి చావడం లేదు. మందుసీసాల మీద అక్షరాలు కూడా పిసినారితనంగా వేస్తున్నారు, ఎవరు చదవాలని?

మరదలు రెండుపూటలా ఏమీ తినలేదట. తినకపోతే మందులు పనిచేయవని డాక్టరు కసిరాడట. "అక్కడ పాప లేదు, ఉంటే చూపించరా?" అని తమ్ముణ్ని పట్టుకుని ఏడ్చిందట.

జూన్ 14, ఆదివారం

రాయాలని లేదు. రాయకపోతే ఇంకెక్కడా చెప్పలేను.

పొద్దున్నే తమ్ముడు స్టూడియోకి వచ్చాడు. మొహం పీక్కుపోయింది. "నీ దగ్గర పసిపిల్లల ఫొటోలు ఎన్ని లేవు అక్కా? చిన్నగా, కళ్లు మూసుకుని ఉన్నది ఒకటి చూపిస్తే పోలా? రెండు ముద్దలు తింటుంది. తర్వాత అసలు ఫొటో వచ్చాక మార్చేద్దాం."

నేను వద్దనాల్సింది. నాలుగు డబ్బాలు దించాను. బోసినోరు తెరిచి నిద్రపోతున్న ఒక పాపను ఏరాను. చెవులదాకా గుడ్డ చుట్టి ఉంది. ఎవరి పాపో గుర్తులేదు. ఇది అబద్ధం కాదు, ఓదార్పు అని నాకు నేనే చెప్పుకున్నాను. బస్సులో వెళ్తున్నంతసేపూ చెప్పుకున్నాను.

మరదలు ఫొటోను కళ్లదగ్గర పెట్టుకుని చూసింది. ఆమె మొహం ముందు వికసించింది. ఆ తర్వాత ఆగిపోయింది.

"వదినా, ఈ పాపకి పళ్లొచ్చాయి."

"ఏంటి?"

"కింద రెండు పళ్లు. ఇదిగో."

ఫొటో అందుకుని చెయ్యి చాపి దూరంగా పెట్టి చూశాను. ఉన్నాయి. బియ్యపుగింజల్లాంటివి రెండు. ఆరేడు నెలల పాప! నేను బోసినోరు అనుకున్నది.

తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, అక్కడ ఏదో లిఫ్టు ఎక్కుతున్నట్టు. మరదలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే మా పాప లేదన్నమాట" అంది, చాలా మెల్లగా.

"ఉంది! ఒట్టు, ఉంది!" అన్నాను. నాలాంటి మనిషి ఒట్టేస్తే ఎవరు నమ్ముతారు?

జూన్ 15, సోమవారం

ఈరోజు కూడా తినలేదు. తమ్ముడు నాతో మాట్లాడలేదు, సలహా వాడిదే అయినా.

జూన్ 16, మంగళవారం

కెమెరా, లెన్సు రెండూ సంచిలో వేసుకుని స్క్రూ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఊళ్లో కెమెరాలు బాగుచేసేది ఆయనొక్కడే మిగిలాడు. పనిచేసేటప్పుడు స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుంటాడు, అందుకని ఆ పేరు. ఎనభై దాటాయి. ఇప్పటిదాకా ఎన్ని మింగాడో లెక్క లేదు.

జరిగిందంతా చెప్పాను. పళ్ల సంగతి కూడా. ఆయన తలుపేసి, దీపమార్పి, ఆ చీకట్లో గోడమీది క్యాలెండరును నా కెమెరాతో తీశాడు. తెరమీద పెద్దది చేసి చూపించాడు. అంకెలన్నీ ముత్యాల్లా ఉన్నాయట. నాకు మాత్రం చీమలబారు కనిపించింది.

"కెమెరా బంగారం. నీకెన్నేళ్లు?"

"నలభై ఏడు."

"మరి అద్దాలేవి?"

"లెన్సు అద్దాలా? సంచిలో ఉన్నాయి బాబాయ్."

"నీ ముక్కు మీద పెట్టుకునేవే, అమ్మాయ్!"

నాకు చూపు బానే ఉందని, నిన్న మొన్నటిదాకా హాలు నిండా జనాన్ని తీశానని, ఒక్కటీ చెడలేదని వాదించాను. ఆయన స్క్రూలు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి మూతలో పెట్టాడు. పెద్ద మాట చెప్పబోయే ముందు అలా చేస్తాడు.

"ఫ్లాష్ ఉన్నప్పుడు లెన్సు కన్ను చిన్నది చేసి తీస్తావు. ముందువరసా వెనకవరసా అంతా స్పష్టంగా పడతారు. నీ గురి కాస్త తప్పినా చెల్లిపోద్ది. చీకట్లో అలా కుదరదు. లెన్సు కన్ను పూర్తిగా తెరవాలి. అప్పుడు స్పష్టంగా పడే జాగా వేలెడు కూడా ఉండదు. పాప రెప్పమీద పడితే చెవిమీద ఉండదు. ఇన్నేళ్లూ నీ చూపుని నీ ఫ్లాష్ కాపు కాసింది, అంతే."

నాకు కోపం వచ్చింది. నిజం కాకపోతే అంత కోపం రాదు.

ఆయన సొరుగులోంచి తన పాత కళ్లద్దాలు తీసి నా మొహానికి తగిలించాడు. క్యాలెండరు అంకెలు ముత్యాలయ్యాయి. బాబాయ్ మొహంలో ఇన్ని ముడతలున్నాయని కూడా ఇప్పుడే తెలిసింది. కెమెరాలో కన్నుపెట్టి చూసేచోట పక్కన ఉన్న చిన్న చక్రాన్ని ఆయన నా చూపుకి సరిపడా తిప్పాడు. "ఇదెందుకుందనుకున్నావు, ధూళి పట్టడానికా?" అన్నాడు.

సాయంత్రానికి నా సొంత అద్దాలు వచ్చాయి. అద్దంలో చూసుకుంటే మా బళ్లో లెక్కల టీచరులా ఉన్నాను. పరవాలేదు, ఆవిడకి అన్నీ కనిపించేవి.

జూన్ 17, బుధవారం

పెద్ద సిస్టర్‌ని బతిమాలుకుని లోపలికి వెళ్లాను. నా కళ్లద్దాలు చూసింది, ఈసారి గడియారం మాత్రం చూడలేదు.

ఆటోఫోకస్ ఆపేశాను. నారింజ దీపం ఆపేశాను. లెన్సు చివర రబ్బరు తొడుగు వేసి, దాన్ని పెట్టె అద్దానికి మెల్లగా ఆనించాను. ప్రతిబింబాలన్నీ పోయాయి. ఇక తెరమీద పెద్దది చేసుకుని చేత్తో ఫోకస్ తిప్పడమే.

పాప మొహం బూడిదరంగులో బూడిదరంగు, ఎక్కడ పట్టుకోవాలో దొరకలేదు. చీకట్లో ఫోకస్‌కి ఒక అంచు కావాలి, నలుపూ తెలుపూ కలిసేచోటు. వెతికాను. పాప కుడికాలి మడమ దగ్గర తెల్లపట్టీ, దానిమీద నల్ల అంకెలు. వాటిమీద పెట్టి తిప్పుతూ తిప్పుతూ పోతే అంకెలు ఒక్కసారిగా నీళ్లలోంచి పైకి తేలినట్టు వచ్చేశాయి. మోచేతులు పక్కటెముకలకు అదుముకున్నాను. ఊపిరి వదిలేసి, మళ్లీ పీల్చుకునేలోపు నొక్కాను. పదకొండు సార్లు.

మొదటి పదీ చెయ్యి కదిలినవే. పదకొండోదాంట్లో పాదం ఉంది. అంతా ఉంది. మడమ మీద ముడతలు, గోళ్లు. ఆ గోళ్లు! ఇంత చిన్నవాటికి కూడా అంచులుంటాయా?

మెట్లమీద కూర్చుని ఏడ్చాను. కళ్లద్దాలు మసకబారాయి. వీటితో ఈ ఇబ్బంది ఒకటుందన్నమాట.

జూన్ 18, గురువారం

మరదలు నన్ను చూసి కళ్లు మూసుకుంది. ఫొటో దుప్పటి మీద పెట్టి దూరంగా జరిగాను.

"మొహం ఇంకా రాలేదు. పాదమే వచ్చింది. ఇది నేను నిన్న నాలుగింటికి తీసిందే. నమ్మితే నమ్ము" అన్నాను.

చాలాసేపటికి తీసుకుంది. చూసింది. ఇంకా దగ్గరికి పెట్టుకుని చూసింది. ఏమైందో అర్థంకాలేదు, ఉన్నట్టుండి కాళ్లమీది దుప్పటి లాగేసింది. కుడికాలు బయటపెట్టింది.

"ఇది చూడండి వదినా."

ఆమె కాలి చిటికెనవేలు పక్కవేలిమీదికి ఎక్కి కూర్చుని ఉంది, ఇరుకు బెంచీలో చోటు దొరకనివాళ్లలా. ఫొటోలో చూశాను. గుప్పెడు చిటికెనవేలు కూడా పక్కవేలి భుజమెక్కింది. నేను తీశాను గానీ నేను చూడలేదు.

"మా అమ్మమ్మది ఇంతే. మా అమ్మది ఇంతే. చెప్పులు కొనేటప్పుడల్లా మా ఇంట్లో గొడవే" అంటోంది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "ఉంది. ఇది ఉంది. ఇది నాదే."

తమ్ముడు బ్రెడ్డు అందించాడు. ఫొటో చేతిలోంచి వదలకుండానే తింది. రెండోది అడిగింది. వాడు ఆనందం పట్టలేక వరండాలోకి వెళ్లి ఆస్పత్రి లిఫ్టుకి నూనె సరిపోవడం లేదని ఎవరితోనో పోట్లాడి వచ్చాడు.

జూన్ 20, శనివారం

మరదలు లేచి కూర్చుంటోంది. ఆర్డర్లు కూడా వేస్తోంది.

"మొహం కావాలి వదినా. కళ్లు తెరిచి ఉండాలి." ఆగి, ఓరగా చూసింది. "మీ ఫొటోల్లో కళ్లు తెరిచి ఉండటం నేనెప్పుడూ చూడలేదనుకోండి."

పోయిన వారం ఈ మాట అని ఉంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"నీకొక సంగతి చెప్పాలి. ఫ్లాష్ అసలు వెలుగుకి ముందు చిన్న మెరుపొకటి వదులుతుంది, ఎంత వెలుతురు కావాలో కొలుచుకోడానికి. మామూలువాళ్లకి అది తెలీదు. నీలాంటి చురుకైన కళ్లకి తెలుస్తుంది, వెంటనే రెప్ప పడిపోతుంది. అసలు వెలుగొచ్చేసరికి కళ్లు మూసుకునే ఉంటాయి. ఫ్లాష్‌ని చేత్తో సెట్ చేసుకుంటే ఆ ముందు మెరుపు రాదు."

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

"పెళ్లిరోజే. సగంలో."

"మరి మార్చలేదేం?"

"అందరిముందూ ఆపి తంటాలు పడితే, దీనికి పని రాదనుకుంటారని."

రాశాను. చెప్పడం కన్నా రాయడమే కష్టంగా ఉంది.

మరదలు దుప్పటి అంచు సర్దుకుంది. తర్వాత, "మూడేళ్ల నుంచి అద్దం ముందు నిలబడి కళ్లు ఆర్పకుండా ఉండటం ప్రాక్టీసు చేస్తున్నాను వదినా" అంది. "నలభై దాకా లెక్కపెట్టగలను."

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కానీ నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. "నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి" అంటూ పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది. అవతల మంచం ఆవిడ, ఏమైందోనని సిస్టర్‌ని పిలిచేసింది.

జూన్ 21, ఆదివారం

మూసే ఉన్నాయి.

జూన్ 22, సోమవారం

మూసే ఉన్నాయి. ఆవలించింది. ఆవలింత తీశాను గానీ, మరదలు అడిగింది కళ్లు కదా.

జూన్ 23, మంగళవారం

"కళ్లు ఎప్పుడు తెరుస్తుందండీ?" అని పెద్ద సిస్టర్‌ని అడిగాను.

"చీకటిగా ఉంటే తెరుస్తారు. మీరొచ్చే వేళకి ఆ మూల తెర సందులోంచి ఎండ పడుతోంది, అందుకే మూసేసుకుంటోంది."

"అయితే ఆ సందు కూడా మూసెయ్యండి."

అన్నాక గానీ నాకు తెలియలేదు, ఏమన్నానో. ముప్పై ఏళ్ల వృత్తిలో వెలుతురు తగ్గించమని అడగడం ఇదే మొదటిసారి. సిస్టర్ నన్ను ఒక్క క్షణం చూసి, వెళ్లి తెర లాగింది. వస్తూ వస్తూ తన కుర్చీ నా వైపు జరిపింది, మోచెయ్యి ఆనించుకోడానికి.

చీకట్లో వెలుతురు పట్టే శక్తిని కెమెరా ఎంతదాకా పోగలదో అంతదాకా పెంచాను. ఫొటోమీద ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి, రానీ. పాప టోపీ అంచుమీద ఫోకస్ పట్టి, అక్కణ్నుంచి కనుబొమ్మ మీదికి ఒక వెంట్రుకవాసి తిప్పి, ఇక ఆగిపోయాను. ఆరు నిమిషాలు. వీపు పట్టేసింది. ముక్కు దురదపెట్టింది.

తెరిచింది.

ఒకటి ముందు, ఇంకొకటి తర్వాత, పాత షట్టరు తలుపుల్లా. నల్లగా, తడిగా. ఎటు చూస్తోందో దానికే తెలియదు, అయినా చూస్తోంది. నాలుగు సెకన్లు ఉందేమో. మూడుసార్లు నొక్కాను. రెండు చెడిపోయాయి. ఒకటి చాలు.

"వచ్చిందా?" అని పెద్ద సిస్టర్ నా భుజం మీంచి వంగి చూసింది. చూసి, "మాక్కూడా ఒకటి వేసివ్వండి, గోడకి పెట్టుకుంటాం" అంది.

జూన్ 24, బుధవారం

మరదలు ఆ ఫొటోను ఎంతసేపు చూసిందో. "ఏంటి వదినా, ఇంత కోపంగా ఉంది?" అంది చివరికి. "అడక్కుండా లేపినట్టు మొహం పెట్టింది."

తమ్ముడు ఆ కోపం తనది కాదని ప్రమాణం చేశాడు. ఇద్దరూ కలిసి నావైపు చూశారు.

జూలై 2, గురువారం

జ్వరం పోయి మూడు రోజులైంది. డాక్టరు ఈరోజు ఒప్పుకున్నాడు. తమ్ముడు పనిమీద ఉన్నాడు, ఆమె సాయంత్రందాకా ఆగనంది. చక్రాల కుర్చీ నేనే తోసుకుని వచ్చాను. వరండా అంతా తెల్లటి ఎండ. మరదలు తల దువ్వుకుంది, మొహం కడుక్కుంది, చేతులు రెండుసార్లు కడుక్కుంది.

పెద్ద సిస్టర్ తలుపు తెరిచింది. లోపలికి వెళ్లి పెట్టె పక్కన కుర్చీ ఆపాను. మరదలు ముందుకు వంగింది. అద్దం మీద చెయ్యి వేసింది.

"వదినా, ఏమీ కనిపించడం లేదు. అంతా చీకటి. ఎక్కడుంది? లేదు."

"ఉంది. ఎండలోంచి వచ్చావు, కళ్లు అలవాటుపడాలి. ఆగు."

"కనిపించడం లేదు వదినా!"

"నాక్కూడా మొదట్లో కనిపించలేదు. కంగారుపడకు. ఏదీ వెతకద్దు, ఊరికే చూస్తూ ఉండు." ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. మరదలి చెయ్యి పట్టుకోవడం నాకు ఇదే మొదటిసారి.

ఇద్దరం అలాగే ఉన్నాం. ఎక్కడో ఒక యంత్రం టిక్ టిక్ మంటోంది. ఒక నిమిషం అయ్యుంటుంది, రెండయ్యుండొచ్చు. ముందు పెట్టె అంచు తేలింది. తర్వాత తెల్లటి గుడ్డ. నేను చెప్పలేదు. ఆమె అంతట ఆమె చూడాలి.

ఆమె వేళ్లు నా చేతిలో మెల్లగా వదులయ్యాయి.

"టోపీ" అంది. ఇంకాసేపటికి, "చెంప." ఆ తర్వాత నుదురు అద్దానికి ఆనించింది.

"ఏమే," అంది పక్కనున్న నాకు మాత్రమే వినపడేంత మెల్లగా, "ఇంతమందిని ఇన్ని తిప్పలు పెట్టి, నువ్వు ఇక్కడ హాయిగా పడుకున్నావా?"

లోపల గుప్పెడు, ఆ గొంతు వచ్చినవైపు తల తిప్పింది.